అన్న ఆర్మీ, తమ్ముడు ఎయిర్‌ఫోర్స్

ఆర్మీ ఆర్టిలరీలో (ఫిరంగి దళంలో) 28 ఏళ్ళు పనిచేసి రిటైరై, యాప్రాల్‌లో స్థిరపడిన ఒక సుబేదార్ పాఠకులకు ఇస్తున్న జవాబులు

ప్రశ్న: సుబేదార్ గారికి నమస్కారం. మా పెద్దబ్బాయి ఆరేళ్ళుగా ఆర్మీలో, ఇన్‌ఫాంట్రీ అంటే పదాతి దళంలో ఉన్నాడు. చిన్నోడు ఎయిర్‌ఫోర్స్‌లో అగ్నివీర్ వాయుగా సెలెక్టయ్యి, బెళగావిలో ట్రైనింగ్ పూర్తి చేసి, పోస్టింగ్‌కి వెళ్ళి, మొన్న సెలవు మీద వచ్చాడు. ఇద్దరూ ఒకేసారి ఇంట్లో ఉన్నారని సంబరపడ్డాను. కానీ కంచాల ముందు కూర్చుంటే చాలు, గొడవ. "మీ దగ్గర ఆఫీసర్లు యుద్ధానికి పోతారు, మీరు చేతులూపి పంపిస్తారు" అని పెద్దోడు. "మీరు కొండెక్కాలన్నా దిగాలన్నా మా విమానమే దిక్కు" అని చిన్నోడు. హాల్లో ఇద్దరి ఫోటోలు పెడదామంటే ఎవరిది ముందు అని మాటా మాటా పెరిగింది. పెద్దోడు అన్నం వదిలేసి లేచిపోయాడు. ఈ శాఖల మధ్య నిజంగానే ఇంత పడదా? రేపు నా పిల్లలు దూరమైపోతారేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివి వినిపిస్తే మా ఆవిడ "ఇది మన ఎదురింటి సంగతే కదా" అంది. మా ఎదురింట్లో ఎయిర్‌ఫోర్స్‌లో వారంట్ ఆఫీసర్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉంటారు. ఆయన వారంట్ ఆఫీసర్, నేను సుబేదార్. రెండూ సమానమైన హోదాలే. పదకొండేళ్ళుగా రోజూ పొద్దున కలిసి నడుస్తాం. గేటు దగ్గర మొదలైన వాదన పాల ప్యాకెట్లు కొనేదాకా సాగుతుంది. నాకు గుండె నొప్పి వచ్చిన రాత్రి తన కారులో మిలిటరీ హాస్పిటల్‌కి తీసుకుపోయి, తెల్లారేదాకా బయట బెంచీ మీద కూర్చున్నది కూడా ఆయనే. కాబట్టి మాటల పోటీ చూసి భయపడకండి.

ఈ పోటీ మాకు ట్రైనింగ్‌లోనే ఎక్కుతుంది. నేను 1986లో గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌లో రిక్రూట్‌గా చేరాను. మొదట మా ప్లాటూన్ గొప్పదా, పక్క ప్లాటూన్ గొప్పదా అని పోటీ. యూనిట్‌కి వెళ్ళాక మా బ్యాటరీ, వాళ్ళ బ్యాటరీ (బ్యాటరీ అంటే కొన్ని ఫిరంగుల జట్టు). ఆ తర్వాత గన్నర్లు, అంటే మా ఆర్టిలరీ వాళ్ళు గొప్పా, ఇన్‌ఫాంట్రీ గొప్పా. బయటికి వెళ్ళి ఎయిర్‌ఫోర్స్ వాళ్ళ నీలం యూనిఫాం కనబడితే అవన్నీ మర్చిపోయి ఆర్మీ అంతా ఒక్కటైపోతాం. ఆటల్లో చూడండి. ఇంటర్ సర్వీసెస్ పోటీల్లో ఆర్మీ రెడ్, ఆర్మీ గ్రీన్, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అని విడివిడిగా దిగి ఒకరినొకరు ఓడించుకోవాలని చూస్తారు. వాళ్ళలోంచే ఏరిన ఆటగాళ్ళు సంతోష్ ట్రోఫీ ఫుట్‌బాల్‌కి వెళ్ళేటప్పుడు 'సర్వీసెస్' అని ఒకే జెర్సీ వేసుకుంటారు. మొన్నటిదాకా కాలు అడ్డం పెట్టినవాడికే బంతి పాస్ చేయాలి. చేస్తారు కూడా.

అయితే పెద్దోడు అన్నం వదిలేసి లేచాడన్నారే, అక్కడ నేను ఆగిపోయాను. ఆకలి మీదున్న సైనికుడు ఊరికే కంచం వదలడు. తమ్ముడి పని ఏమిటో అతనికి తెలియదు, అన్న పని ఏమిటో తమ్ముడికి తెలియదు. తెలియనప్పుడు వేళాకోళం కాస్తా మనసులో గుచ్చుకుంటుంది. నాకూ అలాగే జరిగింది. కొంచెం వివరంగా చెబుతాను, ఇద్దరినీ కూర్చోబెట్టి చదివి వినిపించండి.

పెళ్ళైన కొత్తలో నేను లద్దాఖ్‌లో ఉన్నాను. మా పెద్దమ్మాయి బారసాలకి సెలవు దొరికింది. లేహ్ నుంచి చండీగఢ్‌కి ఎయిర్‌ఫోర్స్ కొరియర్ విమానంలో రావాలి. లిస్టులో పేరుంది. ట్రంకు పెట్టె సర్దుకుని ట్రాన్సిట్ క్యాంపులో కూర్చున్నాను. నాలుగు రోజులు ఫ్లైట్ రాలేదు. పైన చూస్తే పదింటికల్లా ఆకాశం అద్దంలా ఉంది. "ఎండ కాస్తుంటే వీళ్ళకేం రోగం? టీ తాగుతూ కూర్చున్నారు" అని మేమంతా తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. బారసాల నేను లేకుండానే అయిపోయింది. ఎయిర్‌ఫోర్స్ అంటే నాకు కోపం ఏర్పడింది అక్కడే. లేహ్ చుట్టూ కొండలు, రన్‌వే పదివేల అడుగులకు పైన ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ వేడికి గాలి ఇంకా పలచబడుతుంది, ఈదురు గాలి లేస్తుంది. అందుకే విమానాలన్నీ తెల్లవారుజామునే వచ్చిపోవాలి. ఆ కాసేపట్లో కొండల మీద మబ్బు ఉంటే ఆ రోజుకి అంతే సంగతులు. ఇది నాకు చాలా ఏళ్ళ తర్వాత, ఎదురింటాయన చెబితే తెలిసింది. ఆ రోజే ఎవరైనా రెండు ముక్కల్లో చెప్పి ఉంటే అంత కోపం మోసేవాణ్ణి కాదు.

ఆ తర్వాతి చలికాలం సియాచిన్‌లో డ్యూటీ. దాదాపు పంతొమ్మిది వేల అడుగుల ఎత్తు. ఒక రాత్రి దగ్గు మొదలైంది, తెల్లారేసరికి ఊపిరి తీస్తే గుడగుడమని చప్పుడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కిందికి దించకపోతే మనిషి దక్కడు. ఎయిర్‌ఫోర్స్ చీతా హెలికాప్టర్ వచ్చింది. ఆ ఎత్తులో చీతా మోయగలిగే బరువు చాలా తక్కువ, అందుకే ఇంధనం కూడా లెక్కపెట్టి పోసుకుని వస్తారు. ఇంజన్ ఆపితే మళ్ళీ స్టార్ట్ అవుతుందన్న భరోసా లేదు కాబట్టి రెక్కలు తిరుగుతూనే ఉంటాయి. నన్ను ఇద్దరు ఎత్తి లోపల పడేశారు, తలుపు వేశారు. అంతా కలిపి నిమిషం పట్టలేదేమో. పైలట్ మొహం నాకు కనబడలేదు. ఆక్సిజన్ మాస్కు, నల్ల అద్దం. కనబడింది అతని కుడి చేతి తొడుగు ఒక్కటే. బొటనవేలి దగ్గర చిరిగితే తెల్ల దారంతో కుట్టుకున్నాడు. దూరం దూరంగా, వంకర టింకరగా పడ్డ కుట్లు, చలిలో ఎవరో సూది పట్టడం రాకపోయినా తంటాలు పడి వేసినట్టున్నాయి. కిందికి వచ్చేదాకా ఆ కుట్లే చూస్తూ ఉన్నాను. అతని పేరు నాకు ఈనాటికీ తెలియదు. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ దీపం పెట్టేటప్పుడు "ఆ హెలికాప్టర్ బాబు చల్లగా ఉండాలి" అనేది.

ఇంత జరిగినా నా నోరు పూర్తిగా మూతపడలేదు. 1999లో కార్గిల్ యుద్ధం. ద్రాస్ దగ్గర మా బోఫోర్స్ గన్నులు. గుండు ఒక్కోటి నలభై కిలోలకు పైమాటే, మోసి మోసి భుజాలు కాయలు కాచాయి. పైన కొండ మీద మన ఇన్‌ఫాంట్రీ పాకుతూ వెళుతోంది, వాళ్ళ తలల మీదుగా మేం కాలుస్తున్నాం. మధ్యలో వైర్‌లెస్‌లో ఆర్డర్: ఫైర్ ఆపండి. హెలికాప్టర్ వస్తోంది. మా కుర్రాళ్ళు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "పైన మనవాళ్ళు చస్తుంటే వీళ్ళ కోసం గన్ను ఆపాలా?" అని ఒకడు గుండును కింద పెట్టి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు మా యూనిట్‌లో కుర్ర ఆఫీసర్ ఒకాయన బిస్కెట్ల అట్టపెట్టె చింపి, దాని మీద పెన్సిల్‌తో గీసి చూపించాడు. ఇక్కడ గన్ను, అక్కడ కొండ. మన గుండు నేరుగా పోదు, ఆకాశంలోకి లేచి వంపు తిరిగి కొండ వెనక పడుతుంది. ఆ వంపుకు అడ్డంగా ఇంకో గీత గీశాడు. "ఇది హెలికాప్టర్ దారి. పైన గాయపడ్డవాళ్ళని తెచ్చేది ఇదే. రెండు గీతలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడండి" అన్నాడు. ఎవరం మాట్లాడలేదు. ఏడ్చిన కుర్రాడు ఆ అట్టముక్క మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆపమన్నా మా గన్ను దగ్గర ఒక్క మాట రాలేదు.

మీరు "నిజంగానే పడదా" అని అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. పెద్ద స్థాయిలోనూ తేడాలు వచ్చాయి. 1999 మే నెలలో ఆర్మీ దాడి హెలికాప్టర్లు కావాలని అడిగింది. ఆ ఎత్తులో అవి పనికిరావని, పైగా విమాన బలం వాడాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని ఎయిర్‌ఫోర్స్ అంది. ఆ చర్చల్లో రోజులు గడిచాయి. మే 26న గగనతల దాడులు మొదలయ్యాయి. 27న రెండు ఫైటర్ విమానాలు పోయాయి, స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా అమరుడయ్యారు. 28న తోలోలింగ్ కొండ దగ్గర ఎంఐ-17 హెలికాప్టర్ కూలి నలుగురు పోయారు. దాంతో పద్ధతి మార్చి మిరాజ్ ఫైటర్ విమానాలతో, లేజర్‌తో గురిపెట్టే బాంబులతో ఎత్తు నుంచి కొట్టారు. జూన్ 24న టైగర్ హిల్ మీద మిరాజ్‌ల బాంబులు పడ్డాయి. జులై 4న '18 గ్రెనేడియర్స్' అనే ఇన్‌ఫాంట్రీ బెటాలియన్ వాళ్ళు శిఖరం ఎక్కారు. ఎవరి వాదన నెగ్గిందని లెక్కపెట్టే మనసు ఆ రోజుల్లో కింద ఉన్న మాకెవరికీ లేదు. ముందే కూర్చుని మాట్లాడుకుని ఉంటే బాగుండేదన్న బాధ మాత్రం నాకు ఇప్పటికీ ఉంది. పోటీ ఎంతైనా ఉండనివ్వండి అమ్మా, ఒకరికొకరు చెప్పుకోకపోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది.

ఇక పెద్దోడు అన్న మాట, "చేతులూపి పంపిస్తారు" అని. ఒకప్పుడు నేనూ అన్నాను. ఎదురింటాయన ఏమీ అనకుండా తన గ్యారేజీలోకి తీసుకెళ్ళారు. గోడకి ఒక చెక్క పలక. దాని మీద ప్రతి పానా, ప్రతి స్క్రూడ్రైవర్ ఆకారం నల్ల రంగుతో గీసి ఉంది. పనిముట్టు తీస్తే దాని నీడ ఖాళీగా కనబడుతుంది. "విమానం దగ్గర పని అయ్యాక పానాలు లెక్కపెడతాం. ఒక్కటి తగ్గినా అది దొరికేదాకా విమానం కదలదు. ఇంజన్‌లో ఉండిపోతే పైలట్ తిరిగి రాడు" అన్నారు. ఫామ్ 700 అని ఒక పుస్తకం ఉంటుందట. విమానం బాగుందని పని చేసిన ప్రతి ఎయిర్‌మన్ అందులో సంతకం పెట్టాలి. ఆ సంతకాలు చూసి, తనూ సంతకం పెట్టి పైలట్ ఎక్కుతాడు. "విమానం తిరిగొచ్చి చక్రాలు నేలకి తగిలేదాకా నాకు టీ గొంతు దిగేది కాదు" అన్నారాయన. మీ చిన్నోడు రేపు పెట్టబోయేది అలాంటి సంతకం. అది పెద్దోడికి తెలియాలి. మంచులో రాత్రి నాలుగు గంటలు సెంట్రీ నిలబడితే కాళ్ళ వేళ్ళు ఉన్నాయో లేవో తెలియకపోవడం ఎలా ఉంటుందో చిన్నోడికి తెలియాలి.

ఒక పని చేయండి. ఈసారి ఇద్దరూ కూర్చున్నప్పుడు "నీ డ్యూటీలో ఒక్క రోజు ఎలా గడుస్తుందో పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పరా" అని ఒకణ్ణి అడగండి, రెండోవాణ్ణి మధ్యలో మాట్లాడనివ్వకండి. మర్నాడు రెండోవాడి వంతు. రహస్యాలు వాళ్ళెలాగూ చెప్పరు, అడగొద్దు. ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండండి. అమరులైన వాళ్ళ మీద, ఏ శాఖ వాళ్ళైనా సరే, మీ ఇంట్లో వేళాకోళం నడవనివ్వకండి.

ఫోటోల సంగతి. కవాతు వరసలో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ అని ఉంటుంది కదా అని పెద్దోడు వాదిస్తుంటాడు. ఇంట్లో ఆ వరస అక్కర్లేదు. అన్న కాబట్టి అన్న ఫోటో ముందు పెట్టండి. తమ్ముడు ఒప్పుకుంటాడు.

ప్రశ్న: లోంగేవాలా యుద్ధం గెలిచింది ఆర్మీయా, ఎయిర్‌ఫోర్సా? మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు మాజీ సైనికులు ఎప్పుడూ దీని మీదే వాదించుకుంటారు. మీరు తీర్పు చెప్పండి.
— ఒక రిటైర్డ్ టీచర్, నేరేడ్‌మెట్

జవాబు: మాస్టారూ, గడియారం పక్కన పెట్టుకుని చూస్తే ఈ తగువు తేలిపోతుంది. 1971 డిసెంబర్ 4 రాత్రి రాజస్థాన్ ఎడారిలో, లోంగేవాలా చౌకీలో ఉన్నది మేజర్ కుల్‌దీప్ సింగ్ చాంద్‌పురి కింద 23 పంజాబ్ బెటాలియన్ వాళ్ళ ఒక కంపెనీ, సుమారు 120 మంది. ఎదురుగా పాకిస్తాన్ ట్యాంకులు. జైసల్మేర్‌లో మన హంటర్ విమానాలున్నాయి, కానీ వాటికి చీకట్లో కొట్టే ఏర్పాటు లేదు. అంటే తెల్లవారేదాకా ఆ 120 మందే ఆపాలి. వెనక్కి వచ్చే వీలున్నా మేజర్ రాలేదు. జీపు మీద బిగించిన రీకాయిల్‌లెస్ గన్నుతో ముందొచ్చిన ట్యాంకులను కొట్టారు. ట్యాంకులు ఇసుకలో కూరుకుపోయాయి. తెల్లారింది, హంటర్లు వచ్చాయి, దాక్కోవడానికి ఒక్క చెట్టు లేని ఎడారిలో ట్యాంకులు దొరికిపోయాయి.

రాత్రి ఆర్మీది, పగలు ఎయిర్‌ఫోర్స్‌ది. రాత్రి నిలబడకపోతే పొద్దున హంటర్లకు అక్కడ కాపాడడానికి ఎవరూ ఉండేవాళ్ళు కాదు. హంటర్లు రాకపోతే ఆ కంపెనీ మధ్యాహ్నం చూసేది కాదు.

ఈ వాదనలో అందరూ మర్చిపోయే మనిషి ఒకరున్నారు. ఆ పొద్దున కృషక్ అనే చిన్న విమానంలో ట్యాంకుల మీద తిరుగుతూ, ఏది ఎక్కడుందో హంటర్ పైలట్లకు రేడియోలో చెప్పినది మేజర్ ఆత్మాసింగ్. ఆయన పైలటే కానీ ఆర్మీ ఆఫీసర్, ఎయిర్ ఓపీ విభాగం. ఎయిర్ ఓపీ అంటే గాల్లోంచి గుండు ఎక్కడ పడుతోందో చూసి చెప్పే పని, దానికి గన్నర్ ఆఫీసర్లనే తీసుకునేవాళ్ళు. ఆ విభాగమే తర్వాత 1986 నవంబర్ 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ అయ్యింది. హెలికాప్టర్లు ఎవరి కింద ఉండాలని ఆర్మీకీ ఎయిర్‌ఫోర్స్‌కీ అంతకుముందూ, తర్వాతా చాలా వాదనలు నడిచాయి. ఆ పొద్దున మాత్రం ఆర్మీ పైలట్ వేలు చూపించాడు, ఎయిర్‌ఫోర్స్ పైలట్లు కొట్టారు. మీ అపార్ట్‌మెంట్‌లో ఆ ఇద్దరినీ అడగండి, ఆత్మాసింగ్ ఏ లెక్కలోకి వస్తారో.

ప్రశ్న: మూడు దళాలనూ కలిపేస్తారంటున్నారు, నిజమేనా సార్? నేను ఆఫీసర్ల ఎంపికకు పెట్టే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్షకు ప్రిపేర్ అవుతున్నాను. అప్పుడు నేవీ, ఎయిర్‌ఫోర్స్ అని వేరువేరుగా ఉండవా?
— డిగ్రీ విద్యార్థి, ఈసీఐఎల్

జవాబు: బాబూ, కలిపేది దళాలను కాదు, వాటికి ఆర్డర్లు వచ్చే దారిని. ఒక ప్రాంతంలో ఉన్న మూడు దళాల బలగాలూ ఒకే కమాండర్ కింద పనిచేయాలన్నది థియేటర్ కమాండ్ల ఆలోచన. అండమాన్ నికోబార్‌లో 2001 నుంచే అలాంటి కమాండ్ ఉంది. చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి పెట్టి, జనరల్ బిపిన్ రావత్ 2020 జనవరి 1న మొదటివారుగా బాధ్యత తీసుకున్నారు. ఇంకో చిక్కు కూడా ఉండేది. ఆర్మీకీ ఎయిర్‌ఫోర్స్‌కీ 1950 చట్టాలు, నేవీకి 1957 చట్టం. ఉమ్మడి సంస్థలో నేవీ అధికారి కింద ఆర్మీ జవాన్ తప్పు చేస్తే, చర్య కోసం సొంత యూనిట్‌కి తిప్పి పంపాల్సి వచ్చేది. 2023లో చేసిన చట్టంతో ఉమ్మడి సంస్థల అధిపతులకే ఆ అధికారం ఇచ్చారు.

యూనిఫాంలు పోతాయని బెంగ పెట్టుకోకు. కెనడా వాళ్ళు 1968లో మూడింటినీ ఒకే దళం చేసి అందరికీ ఒకే ఆకుపచ్చ యూనిఫాం వేశారు. నావికులకు అది మింగుడుపడలేదు. 1980లలో వేరు యూనిఫాంలు తిరిగొచ్చాయి, 2011లో నేవీ, ఎయిర్‌ఫోర్స్‌ల పాత పేర్లు కూడా తిరిగిచ్చారు. తన గుంపు మీద అభిమానం లేనివాడు సైనికుడిగా రాణించడు, నా అనుభవంలో చూసింది ఇదే. దాన్ని చెరిపేయాలనుకోవడం తప్పు.

మన ఊళ్ళోనే కళ్ళారా చూడొచ్చు. సైనిక్‌పురిలో కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్ 1970లో మొదలైంది, అక్కడ మూడు దళాల ఆఫీసర్లూ ఒకే క్లాసులో కూర్చుంటారు. దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ పరేడ్‌లో నేవీ, కోస్ట్‌గార్డ్ వాళ్ళు కూడా వింగ్స్, అంటే పైలట్లకిచ్చే రెక్కల బ్యాడ్జీ అందుకుంటారు. తెల్ల యూనిఫాం మీద ఆ రెక్కలు గుచ్చుతుంటే స్టాండ్‌లో కూర్చున్న వాళ్ళ అమ్మానాన్నలు ఎలా లేచి నిలబడతారో ఒకసారి చూశాను. బాగా చదువుకో. దరఖాస్తులో మొదటి ఆప్షన్‌గా ఏది పెట్టాలనుకుంటున్నావో రాయనే లేదు, ఈసారి రాయి.

ప్రశ్న: అంకుల్, మూడు దళాల వాళ్ళు మూడు రకాలుగా సెల్యూట్ ఎందుకు చేస్తారు?
— ఏడో తరగతి విద్యార్థిని, అల్వాల్

జవాబు: బాగా గమనించావు తల్లీ. ఆర్మీలో అరచేయి ఎదుటివాళ్ళకి కనబడేలా చాచి చేస్తాం. నా చేతిలో ఆయుధం లేదు, నన్ను నమ్మొచ్చు అని దానికి అర్థం చెబుతారు. నేవీలో అరచేయి నేల వైపు ఉంటుంది. వెనకటికి ఓడల్లో తాళ్ళూ తారూ పట్టుకుని చేతులు నల్లబడేవి కాబట్టి అవి పెద్దవాళ్ళకు కనబడకుండా అలా చేసేవాళ్ళట. ఎయిర్‌ఫోర్స్ వాళ్ళు 2006 దాకా మాలాగే చేసేవాళ్ళు, అప్పటినుంచి అరచేయి నేలకు 45 డిగ్రీల వాలులో పెడుతున్నారు.

డిసెంబర్ 7న మీ స్కూల్లో చిన్న జెండా స్టిక్కర్ ఇస్తారు చూడు, సాయుధ దళాల పతాక దినోత్సవానికి. అందులో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం ఉంటాయి. ఏ రంగు ఎవరిదో ఈపాటికి నీకు తెలిసిపోయే ఉంటుంది. మీ క్లాసులో తెలియనివాళ్ళకి నువ్వే చెప్పు.